ఆఫీసులో 20 కంప్యూటర్లకు విండోస్ 11: ప్రశ్నలు అడగని ఇన్‌స్టాలేషన్ ఇలా

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో చాలా ఆఫీసుల్లో విండోస్ 11 వేసే పని మొదలైంది. ఒక్క కంప్యూటర్ అయితే ఇబ్బంది లేదు. మరి 20 ఉంటే? భాష, కీబోర్డ్, లైసెన్స్, డిస్క్, యూజర్ పేరు... ప్రతి సిస్టమ్ ముందూ కూర్చుని అవే ప్రశ్నలకు అవే జవాబులు ఇవ్వాలి. ఆ జవాబులు ముందే ఒక ఫైల్‌లో రాసిపెడితే సెటప్ మనల్ని అడగదు. అదెలాగో, ఎక్కడ జాగ్రత్తపడాలో చూద్దాం.

ఆన్సర్ ఫైల్ అంటే ఏంటి?

దీని పేరు ఆటోఅన్‌అటెండ్.ఎక్స్ఎంఎల్. విండోస్ 11 బూటబుల్ పెన్‌డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా నేరుగా పెట్టాలి. సెటప్ మొదలవగానే ఈ ఫైల్‌ను తనే వెతుక్కుంటుంది. దీన్ని తయారు చేయడానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విండోస్ ఏడీకేలో 'సిస్టమ్ ఇమేజ్ మేనేజర్' అనే టూల్ ఉంది.

ఫైల్‌లో మొత్తం 7 దశలుంటాయి. మనకు ముఖ్యంగా కావాల్సినవి 3:

1. విండోస్ పీఈ: సెటప్ భాష, డిస్క్ పార్టిషన్లు.
2. స్పెషలైజ్: కంప్యూటర్ పేరు. ఇక్కడ నక్షత్రం గుర్తు పెడితే ఒక్కో సిస్టమ్‌కు ఒక్కో పేరు అదే వస్తుంది.
3. ఓఓబీఈ సిస్టమ్: యూజర్ అకౌంట్, టైమ్‌జోన్ లాంటివి.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

ప్రశ్న అడగని సెటప్, చెరిపేసే ముందు కూడా అడగదు. ఫైల్‌లో 'విల్‌వైప్‌డిస్క్' ఆన్‌లో ఉంటే, ఆ పెన్‌డ్రైవ్‌తో బూట్ అయిన ఏ కంప్యూటర్‌లోనైనా చెప్పిన డిస్క్ ఖాళీ అయిపోతుంది. అది అకౌంట్స్ సెక్షన్ సిస్టమ్ అని దానికి తెలియదు కదా!

ఇంకో చిక్కు: ఫైల్‌లో డిస్క్‌ను నంబర్‌తో చెబుతాం. చాలామంది 0 అని రాసేస్తారు. కానీ ఎస్ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ రెండూ ఉన్న సిస్టమ్‌లో 0 అంటే కచ్చితంగా ఎస్ఎస్‌డీయే అనుకోవద్దు. డేటా ఉన్న హార్డ్‌డిస్క్ కూడా కావచ్చు. సెటప్ స్క్రీన్‌లో షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి, డిస్క్‌పార్ట్‌లో 'లిస్ట్ డిస్క్' కమాండ్ ఇస్తే నంబర్లు, సైజులు కనిపిస్తాయి.

అందుకే వాడుకలో ఉన్న కంప్యూటర్లకు నేను డిస్క్ భాగాన్ని ఫైల్‌లో రాయను. అప్పుడు సెటప్ ఆ ఒక్క స్క్రీన్ దగ్గర ఆగుతుంది. డిస్క్ చూసి ఎంచుకుంటే మిగతాదంతా దానంతటదే జరిగిపోతుంది. ఒక్కో సిస్టమ్‌కు రెండు మూడు క్లిక్‌లు ఎక్కువ, అంతే. కొత్తగా కొన్న ఖాళీ సిస్టమ్స్ అయితే పూర్తి ఆటోమేషన్ పెట్టుకోవచ్చు.

ఇవి కూడా గుర్తుంచుకోండి

* బయోస్‌లో పెన్‌డ్రైవ్‌ను శాశ్వతంగా మొదటి బూట్‌గా పెట్టొద్దు. రీస్టార్ట్ అయినప్పుడు సెటప్ మళ్లీ మొదటికి రావచ్చు. వన్‌టైమ్ బూట్ మెనూ వాడండి. సాధారణంగా డెల్, లెనోవోలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9.
* ఫైల్‌లో పాస్‌వర్డ్ గజిబిజిగా కనిపించినా అది ఎన్‌క్రిప్షన్ కాదు, తేలిగ్గా చదివేయొచ్చు. తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టి, పనయ్యాక మార్చేయండి.
* టీపీఎం 2.0, సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.
* ఒక సిస్టమ్‌ను రెడీ చేసి మిగతావాటికి క్లోన్ చేయాలనుకుంటే, ముందు సిస్‌ప్రెప్‌ను 'జనరలైజ్' ఆప్షన్‌తో రన్ చేయాలి. లేదంటే ఒకే గుర్తింపు నంబర్ అన్నింటికీ వెళ్తుంది.

సిస్టమ్స్ ఇంకా ఎక్కువుంటే పెన్‌డ్రైవ్ బదులు నెట్‌వర్క్ నుంచే బూట్ చేసే పీఎక్స్ఈ పద్ధతి ఉంది. ఉచితంగా దొరికే ఫాగ్ ప్రాజెక్ట్ ఇలాగే పనిచేస్తుంది.

ఏ పద్ధతైనా ముందు వర్చువల్‌బాక్స్‌లో, తర్వాత బ్యాకప్ తీసిన ఒక్క సిస్టమ్‌లో పరీక్షించండి. అన్నీ సరిగ్గా వచ్చాకే మిగతా 19 జోలికి వెళ్లండి. పనైపోయాక ఆ పెన్‌డ్రైవ్‌పై 'డేటా చెరిపేస్తుంది' అని లేబుల్ అంటించి విడిగా దాచండి.