ఇల్లు, ఉద్యోగము, రైలు, పుస్తకము



ఈ పర్యాయము మన పాఠము పిల్లలు గల విద్యార్థులను గూర్చినది. అనగా బడికి పోవు పిల్లలు ఇంట నుండగా, తాము ఉద్యోగము చేయుచు, దినదినము రైలులోనో బస్సులోనో తిరుగుచు, వీటితోపాటు ఎం.ఏ. కూడ చదువవలెనని ఆశపడు తలిదండ్రులు. షోలాపూరులోను, హోసూరులోను, రాయగడలోను, యానాములోను మన తెలుగు ఇండ్లలో ఇట్టివారు లేకపోలేదు. ఎవరిని కదిపినను ఒకటే మాట చెప్పుదురు: "టైము లేదండీ." ఈ మాట ఎంతవరకు నిజమో లెక్క వేసి చూతము. మేము ముప్పది ఏండ్లు బడిలో పాఠము చెప్పినవారము గనుక లెక్క వేయనిదే దేనినీ ఒప్పుకొనుట మాకు అలవాటు లేదు.

లెక్కకు మా ఇంటి సంగతినే తీసికొందుము. మేము కోలారు బంగారు గనులలో పుట్టి పెరిగినవారము. మా తాతగారు చిత్తూరు జిల్లానుండి వచ్చిరి, మా తండ్రిగారు గనిలో దిగి పనిచేసిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడిన తరువాత మా ఊరి బ్రతుకు రైలు పట్టాలమీదికి ఎక్కినది. తెల్లవారకమునుపే మారికుప్పములో బయలుదేరు బండి ఛాంపియన్, ఊరుగాం, కోరమండల్ స్టేషన్లలో జనమును ఎక్కించుకొని, బంగారుపేట మీదుగా బెంగుళూరు చేరును. ఒక వైపునకే రెండు గంటలకు పైగా పట్టును. ఇంటినుండి స్టేషనుకు, అక్కడ దిగి పనిచోటుకు పోవు సమయము కలుపుకొంటే రాకపోకలకు దినమునకు ఆరు గంటలు. కల్యాణ్ నుండి ముంబయి పోవువారు, యానాము నుండి కాకినాడ పోవువారు తమ తమ అంకెలు ఇక్కడ వేసికొనవచ్చును.

మా పెద్దమ్మాయి ఈ బండిలోనే పోయి బెంగుళూరులో ఒక ప్రైవేటు పాఠశాలలో ఇంగ్లీషు చెప్పుచున్నది. బి.ఇడి. ఉన్నది. అయితే కర్ణాటకలో పి.యు. కళాశాల అధ్యాపక పదవికి దరఖాస్తు పెట్టవలెనంటే ఆ సబ్జెక్టులో ఎం.ఏ. కూడ ఉండవలెను. అందుచేత 2018 జూలైలో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయములో, అందరు ఇగ్నో అని పిలుచుదానిలో, ఎం.ఏ. ఇంగ్లీషునకు చేరినది. అప్పటికి పిల్లవాడు మూడవ తరగతి, చిన్నది ఎల్.కె.జి. మా అల్లుడుగారు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. చేరిన దినమున అమ్మాయి మాతో, "నాన్నా, రెండేండ్లు కండ్లు మూసుకొని కష్టపడితే అయిపోతుంది" అని అనెను.

ఆ మాట వినగానే మాకు భయము కలిగినది. ఎందుకో చెప్పెదము.

1993లో మేమును ఈ పనే చేసితిమి. కరెస్పాండెన్సులో ఎం.ఏ. చరిత్రకు కట్టి, రెండేండ్లలో ముగించవలెనని పట్టు పట్టితిమి. పగలు బడి, సాయంకాలము ట్యూషన్లు, రాత్రి తలుపు వేసికొని చదువు. ఇల్లంతయు మా భార్యమీదనే పడినది. మొదటి ఏటి వేసవిలో కాంటాక్టు క్లాసులకని పండ్రెండు దినములు పొరుగూరు పోయి ఉంటిమి. ఇంటిలో ఫోను లేదు. మేము బయలుదేరిన మూడవ దినమున ఆమెకు టైఫాయిడు జ్వరము తగిలినది. ప్రక్కింటివారు పిల్లలను తమ ఇంట పడుకొనబెట్టుకొనిరి. ఒక ఉత్తరము వ్రాయించితే మేము పరుగున వచ్చియుందుము, అయితే చదువు పాడగునని ఆమె వ్రాయనీయలేదు. మేము తిరిగి వచ్చి చూచునప్పటికి గోడ పట్టుకొని నడచుచుండెను. ఆ సంవత్సరము మేము రెండు పేపర్లు తప్పితిమి, అది వేరే సంగతి. డిగ్రీ చేతికి వచ్చినది 1996లో. రెండేండ్లు అనుకొన్నది మూడేండ్లు ఆయెను, ఆ మూడేండ్లును ఇల్లు నలిగినది. అప్పటికి ఆరేండ్ల పిల్లయైన మా అమ్మాయి ఇప్పటికిని ఏదో ప్రస్తావన వచ్చినప్పుడు, "ఆ ఎండాకాలము మీరు ఊళ్లో లేరు నాన్నా" అనును. కోపముతో అనదు. తిథి చెప్పినట్లు చెప్పును.

కనుక ఆ రాత్రి కాగితము, పెన్సిలు తీసికొని తండ్రీకూతుళ్లము కూర్చుంటిమి.

ఇగ్నోలో చదువును క్రెడిట్లతో కొలుచుదురు. ఒక క్రెడిటు అనగా విద్యార్థి ముప్పది గంటలు చదువవలెనని అర్థము. పుస్తకము చదువుట, అసైన్‌మెంటు వ్రాయుట అన్నియు అందులోనివే. అమ్మాయి చేరిన కోర్సు 64 క్రెడిట్లు. ఎనిమిది పేపర్లు, పేపరునకు ఎనిమిది క్రెడిట్లు. 64ను 30తో హెచ్చవేయగా 1920 గంటలు. రెండేండ్లలో ముగించవలెనంటే వారమునకు పదునెనిమిదిన్నర గంటలు చదువవలెను.

ఇక వారములో ఎన్ని గంటలున్నవి? 168. బడిలో దినమునకు ఎనిమిది చొప్పున ఆరు దినములకు 48. రాకపోకలు 36. నిద్ర దినమునకు ఆరు గంటలే అనుకొన్నను 42. వంట, బట్టలు, అంగడి, పిల్లల స్నానపానములు దినమునకు మూడు గంటలని తక్కువగా వేసితిమి, 21. కూడి తీసివేయగా మిగిలినది 21 గంటలు. అందులో చదువునకు పదునెనిమిదిన్నర పోతే రెండున్నర గంటలు. పిల్లవాని లెక్కలు చూచుట, చిన్నదానికి జ్వరము వస్తే ఆసుపత్రికి పోవుట, ఆదివారపు ఆరాధన, బంధువుల పెండ్లిండ్లు, భర్తతో నాలుగు మాటలు, ఇవన్నియు వారమంతటికి కలిపి ఆ రెండున్నర గంటలలో ఇమడవలెను. ఇమడవు. ఇమడనప్పుడు ఏది కోతబడును? నిద్ర మొదట, పిల్లలు తరువాత. మా ఇంట 1993లో జరిగినది అదే. అయితే అప్పుడు మేము కాగితముమీద పెట్టి చూడలేదు గనుక మాకు తెలియలేదు.

ఈ కోర్సును రెండేండ్లలోనే ముగించవలెనను నిర్బంధము లేదు. గరిష్ఠముగా నాలుగేండ్ల వరకు గడువు ఉన్నది. చాలమంది ఈ గడువును తప్పినవారికోసము పెట్టినదని తలంచుదురు. మా అభిప్రాయము అది కాదు. ఉద్యోగము, పిల్లలు గలవారికి నాలుగేండ్లే అసలు గడువు. 1920 గంటలను నాలుగేండ్లకు పంచితే వారమునకు తొమ్మిది గంటల చిల్లర. ఇరువదియొకటిలో తొమ్మిది పోతే పండ్రెండు మిగులును. ఈ పండ్రెండు గంటలు ఇంటివారివి. దీనిని ఒప్పుకొనుటకు అమ్మాయికి కష్టమైనది. తనతో చేరిన తోటి ఉపాధ్యాయిని రెండేండ్లలో ముగించుననియు, తాను వెనుకబడుదుననియు బాధపడెను. ఆ తోటి ఉపాధ్యాయిని ఇల్లు బడికి నడచిపోవు దూరములో ఉన్నది, ఇంకను పిల్లలు లేరు. ఆమె 168 గంటల లెక్క వేరు, మన లెక్క వేరు అని చెప్పితిమి.

ఆ తొమ్మిది గంటలైనను ఎక్కడనుండి వచ్చును? ఇక్కడ రైలు మనకు మేలు చేసినది. మారికుప్పములో, ఛాంపియన్‌లో ఎక్కినవారికి ఉదయము కూర్చుండ చోటు దొరకును. బంగారుపేట దాటిన తరువాత పెట్టెలో చేయి కదలనియ్యరు గాని, అప్పటికే కూర్చున్నవారికి ఫరవాలేదు. ఇగ్నో పాఠములు సన్నని పుస్తకములుగా వచ్చును, ఒక్కొక్కటి టిఫిను డబ్బా ప్రక్కన సంచిలో పట్టును. ఫోనులో చదువుకొనువారికి ఇ-జ్ఞానకోశ్ అను వారి వెబ్‌సైటులో ఆ పాఠములే ఉచితముగా దొరకును. అమ్మాయి ఉదయపు బండిలో గంట చదువుటకు నియమము పెట్టుకొనెను. కొన్ని దినములు నిద్రపోయెను. పోనిమ్మంటిమి. సాయంకాలపు బండిలో నిలుచుండి ప్రయాణము గనుక ఆ సమయమును లెక్కలోనికే తీసికొనలేదు. ఒక సంగతి ఆమె అనుభవమువలన తెలిసినది: నవలలు రైలుకు బాగుగా సరిపోవును, పద్యములు కొంత సరిపోవును, భాషాశాస్త్రము ఎంతమాత్రము సరిపోదు. దానికి బల్ల, కాగితము కావలెను. మీరు చదువు సబ్జెక్టు లెక్కలో, వాణిజ్యమో అయితే ఈ భేదము ఇంకను ఎక్కువ.

ఆరు దినములలో ఆరు గంటలు రైలు ఇచ్చినది. మిగిలిన మూడు గంటలు ఇల్లు ఇయ్యవలెను. ఆ మాట అడుగుట అమ్మాయికి అన్నిటికంటె కష్టమైనది. అల్లుడుగారి షిఫ్టు వారమువారము మారును గనుక ఆయనమీద ఆధారపడుటకు లేదు. మా వియ్యపురాలు వారి ఇంటనే ఉందురు. కోడలు ఆమెతో ఏమియు చెప్పక, అందరు పడుకొన్న తరువాత దీపము వేసికొని వ్రాయుచుండెను. ఒక రాత్రి ఆమెయే లేచి వచ్చి, "ఏమ్మా, నేను పిల్లోళ్లను చూడనంటినా? ఎన్ని గంటలు కావాలో చెప్పకుండా దొంగమాదిరి చదివితే నాకెట్లా తెలుస్తుంది?" అనిరట. ఆ మాట మా అమ్మాయి మాకు చెప్పినప్పుడు నవ్వుచు చెప్పినది గాని, మాకు మా భార్య జ్వరము జ్ఞాపకము వచ్చినది. ఆనాడు ఆమె మాకు చెప్పలేదు, మేము ఆమెను అడుగలేదు. ఆ తరువాత ఆదివారము మధ్యాహ్నము రెండునుండి ఐదువరకు పిల్లలు నానమ్మవద్ద ఉండునట్లు ఏర్పాటు జరిగినది. దానికి బదులుగా ఆదివారము రాత్రి వంటగదిలోనికి పెద్దామె రాకూడదు. ఎన్ని గంటలో తెలిసినప్పుడు సహాయము చేయువారికిని తేలిక. "చదువుకోవాలి" అని ఊరక చెప్పితే అది హద్దులేని అప్పువంటిది.

అసైన్‌మెంట్లను గూర్చి ఒక మాట. మొత్తము మార్కులలో వీటికి నూటికి ముప్పది, పరీక్షకు డెబ్బది. చేతివ్రాతతో వ్రాసి పంపవలెను. చాలమంది వీటిని చివరి వారమునకు విడిచిపెట్టి, గడువు పొడిగింతురని ఎదురుచూతురు. అనేక పర్యాయములు పొడిగింతురు కూడ. అయినను ఇంట పిల్లలున్నవారు దానిని నమ్ముకొనరాదు, ఆ చివరి వారముననే పిల్లకు అమ్మవారు పోయవచ్చును. మా అమ్మాయి వీటిని పిల్లలు హోంవర్కు చేయు బల్లమీదనే, వారితోకూడ కూర్చుండి వ్రాసెను. పిల్లవాడు, "నీకు కూడా మిస్సు కోప్పడుతుందా అమ్మా?" అని అడిగెను. ఆ బల్లమీద వాని చేతివ్రాత కూడ కొంత కుదిరినది.

పరీక్షలు జూనులోను డిసెంబరులోను జరుగును. జూను అనగా బడులు తెరచు సమయము, ఉపాధ్యాయులకు ఊపిరాడదు. అందుచేత ఒక్కొక్క పర్యాయము ఒక్క పేపరే వ్రాసెను, ఒక డిసెంబరులో మాత్రము రెండు. 2020లో కరోనా వచ్చి రైళ్లు నిలిచినప్పుడు, ఇక ఆరు గంటల ప్రయాణము మిగిలినది గనుక చదువు పరుగెత్తునని మేమనుకొంటిమి. జరిగినది వేరు. ఇంట ఒకటే ఫోను, దానిలో ఆమె పాఠము చెప్పవలెను, పిల్లవాడు పాఠము వినవలెను. రైలులోని ఆ ఒక్క గంట పోయినది. జూన్ పరీక్షలు సెప్టెంబరునకు పోయినవి. ఆ నాలుగు నెలలలో ఆమె చదివినది చాల తక్కువ. రెండేండ్ల లెక్క పెట్టుకొనియుంటే అక్కడితో చదువు ఆగియుండును. నాలుగేండ్ల లెక్కలో అది ఒక గుంత మాత్రమే ఆయెను. 2022లో చివరి పేపరు వ్రాసెను.

చేరదలచినవారు ముందుగా చూడవలసినది గుర్తింపు. యు.జి.సి.వారి దూరవిద్యా విభాగము వెబ్‌సైటులో ఏ విశ్వవిద్యాలయములో, ఏ కోర్సునకు, ఏ సంవత్సరమునకు అనుమతి యున్నదో జాబితా ఉండును. సంవత్సరమును కూడ చూడుడి. మా రాష్ట్రపు సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు 2012-13 తరువాత గుర్తింపు లేదని 2015లో యు.జి.సి. ప్రకటించినది, మరల 2018లో గుర్తింపు ఇచ్చినది. నడుమ చేరిన విద్యార్థులు ఎంతో ఆందోళనపడిరి. గుర్తింపు గల దూరవిద్య డిగ్రీ కళాశాల డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో యు.జి.సి. స్పష్టము చేసినది గనుక, "కరెస్పాండెన్సు డిగ్రీ చెల్లదు" అను పాతమాటకు జంకవలదు. అయితే ఇంజనీరింగు, వైద్యము, నర్సింగు, న్యాయశాస్త్రము దూరవిద్యలో ఇప్పించెదమని ఎవరైన చెప్పితే ఆ గడప ఎక్కవద్దు. మన పిల్లలు కన్నడములోనో, మరాఠీలోనో, ఒరియాలోనో చదివినవారు గనుక పరీక్ష ఏ భాషలో వ్రాయవలెనో కూడ ఫీజు కట్టకమునుపే అడుగుడి.

సంఘ పెద్దలమైన మేమును కొంత నేర్చుకొంటిమి. పాటలు బాగుగా పాడునని, లెక్కలు బాగుగా వ్రాయునని ఆ ఒక్క అమ్మాయినే మూడు కమిటీలలో వేయుదుము. 2019లో వారి ఆదివారపు మూడు గంటలలో కమిటీ కూటము పెట్టినది మేమే. ఆమె రాలేదు. కొందరు నొచ్చుకొనిరి. మేము కూటమును సాయంకాలమునకు మార్చితిమి.

పి.యు. అధ్యాపక పదవి ఇంకను రాలేదు. ఆ బడిలోనే పెద్ద తరగతులు ఇచ్చిరి, జీతము కొంచెము పెరిగినది. ఇప్పుడు మా అల్లుడుగారు ఆగిపోయిన తన డిగ్రీని ముగించవలెనని అనుచున్నారు. మొన్న ఆదివారము మధ్యాహ్నము వారింటికి పోతిమి. అమ్మాయి పెన్సిలు పట్టుకొని ఆయనకు 168 వ్రాసి చూపుచుండెను. ఆయనకు మూడు వారములకొకసారి రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. ఆ వారమునకు వేరే కాగితము తీసిరి.