బోధిసిరి శాసనంతో ఒక సోషల్ పీరియడ్

ఇక్ష్వాకుల పాఠం రాగానే రాజుల పేర్లు బోర్డు మీదికెక్కుతాయి. స్త్రీల గురించి చివర్లో ఒక వాక్యం చెప్పేసరికి గంట కొడతారు. సోషల్ టీచర్లకు నా సలహా ఒక్కటే: ఈసారి పాఠాన్ని బోధిసిరితో మొదలుపెట్టండి.

ఆమె రాణి కాదు, ఒక ఉపాసిక, అంటే బౌద్ధాన్ని అనుసరించే గృహస్థురాలు. క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో, నాగార్జునకొండలో చైత్యగృహం కట్టించి ప్రాకృతంలో శాసనం వేయించింది. వేర్వేరు చోట్ల తాను చేయించిన పనులన్నీ అందులో వరసగా చెప్పింది. ఒకచోట చెరువు, వసారా, మంటపం. కంటకసేలలో, అంటే నేటి ఘంటసాలలో, మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మంటపం. ఇంకోచోట ఏడు గదులు. పని చూసిన ముగ్గురు థేరులతోపాటు (పెద్ద భిక్షువులతోపాటు) రాతిపనివాడు విధికుడి పేరు కూడా అందులో ఉంది.

ఈ జాబితాను ఆమె పేరు లేకుండా కాగితాల మీద రాసి, నలుగురైదుగురికి ఒకటి చొప్పున ఇవ్వండి. "ఇవన్నీ ఎవరు కట్టించి ఉంటారు?" అని అడిగి ఊరుకోండి. రాజు అంటారు, షావుకారు అంటారు. తప్పని కొట్టిపారేయకుండా, "ఏ మాట చూసి అలా అనుకున్నావమ్మా?" అనండి. పేరు పది నిమిషాలయ్యాక చెబితే చాలు.

తర్వాత బోర్డును రెండుగా గీసి, శాసనం చెప్పినవి ఒకవైపు, మనం ఊహించినవి మరోవైపు రాయించండి. పీరియడ్‌లో ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. "అప్పట్లో ఆడవాళ్లందరి చేతుల్లో డబ్బుండేది" అని ఎవరో ఒకరు రాస్తారు. ఒక్క శాసనం పట్టుకుని అంత మాట అనలేమని అక్కడే చెప్పాలి. గొప్ప స్త్రీలను పొగడటం తేలిక. వాళ్ల గురించి ఆధారంతో మాట్లాడటం నేర్పితేనే వాళ్లకు గౌరవం.

మరుసటి క్లాసులో బోధిసిరితో పోల్చడానికి చాంతిసిరి శాసనం తీసుకోండి. ఆమె చాంతమూల మహారాజు సోదరి, నాగార్జునకొండ మహాచైత్యానికి స్తంభాలు నిలిపిన దాత. రాజబంధువు శాసనానికీ ఉపాసిక శాసనానికీ తేడాలు పిల్లలే పట్టుకుంటారు.

ఇంటిపనిగా ఊరి గుడిలో గోడ రాళ్ల మీద, ఫ్యాను రెక్కల మీద ఉన్న దాతల పేర్లు రాసుకు రమ్మనండి. స్త్రీల పేర్లెన్ని? అవి విడిగా ఉన్నాయా, భర్త పేరు పక్కన ఉన్నాయా? పూజారిగారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.