జర్మన్ క్రియలు - విభక్తి నియమము : పాణినీయ దృష్టి

సంస్కృత పరిశోధకులకు జర్మన్ భాషాపరిచయము మిక్కిలి యుపకరించును. బోట్‌లింక్, రోత్ పండితులు 1855 - 1875 నడుమ ఏడు సంపుటములుగా వెలువరించిన సంస్కృత నిఘంటువునందలి అర్థవివరణము ప్రధానముగా జర్మన్‌లోనే యున్నది. 1887లో లైప్‌జిగ్‌నందు ప్రకటితమైన బోట్‌లింక్ అష్టాధ్యాయీ అనువాదమును ఆ భాషలోనిదే. వీనిని చదువబూనినవారిని పదజాలముకంటె క్రియాపదముల విభక్తి నియమమే యెక్కువగా తొట్రుపెట్టును.

ఒకడు అలిపిరియందు మిత్రుని కొఱకు వేచియున్నాడనుకొందము. వేచియుండుట యను నర్థముగల ‘వార్టెన్’ క్రియకు జర్మన్‌లో ‘ఔఫ్’ అను నవ్యయమును, దానితో ద్వితీయయు నియతములు. ‘ఔఫ్’నకు సామాన్యార్థము ‘మీద’. తెలుగు నూహించి ‘కొఱకు’ అను నర్థముగల ‘ఫ్యూర్’ చేర్చినచో అది అపప్రయోగమగును.

కొండదారిలో చిరుతపులి భయము కలదు. భయహేతువునకు పాణిని అపాదానసంజ్ఞ విధించెను (1.4.25), దానికి పంచమి వచ్చును (2.3.28). చిన్నయసూరియు బాలవ్యాకరణమున (1858) భయహేతువునకు ‘వలన’నే విధించెను. వ్యవహారములో మాత్రము ‘పులికి భయపడుట’యే వినవచ్చును. జర్మన్‌లో పంచమి లేదు; ‘ముందు’ అను నర్థముగల ‘ఫోర్’ అవ్యయముతో చతుర్థీస్థానీయమైన డాటివ్ వచ్చును.

కోపార్థమున నొక సామ్యము గమనింపదగినది. క్రుధ్ ధాతుయోగమున కోపవిషయమునకు చతుర్థి (1.4.37). జర్మన్ ‘త్స్యూర్నెన్’ క్రియకును డాటివే. తెలుగున ‘మీద’ వచ్చును. ఉపసర్గ చేరిన క్రుధ్ ధాతువునకు కర్మసంజ్ఞ గలిగి (1.4.38) ద్వితీయ వచ్చుట పాఠశాలా విద్యార్థులకు సువిదితము. విభక్తి అర్థమాత్రాధీనము కాదనుట కిదియే నిదర్శనము.

అవ్యయము మాఱినచో అర్థమే మాఱును. ‘బెస్టేహెన్’ క్రియ ‘ఔస్’తో కూడినచో ‘అవయవములుగా గలిగియుండుట’, ‘ఔఫ్’తో కూడినచో ‘పట్టుబట్టుట’. అష్టాధ్యాయి యెనిమిది యధ్యాయములు గలదను వాక్యమున ‘ఔస్’ ఉండదగును. దానిని ‘ఔఫ్’గా భ్రమించిన పాఠకునకు గ్రంథమే పట్టుబట్టుచున్నట్లు తోచును! జర్మన్ వాక్యమున క్రియ ముందును, అవ్యయము దూరమునను ఉండవచ్చును గాన నీ ప్రమాద మధికము.

అవ్యయ మొక్కటి తెలిసినను చాలదు. ‘వార్టెన్’తో ద్వితీయను గ్రహించు ‘ఔఫ్’, ‘ఆధారపడియుండుట’ యను నర్థముగల ‘బెరూహెన్’తో డాటివ్‌ను గ్రహించును. కావున క్రియ, అవ్యయము, విభక్తి యను మూఁటిని ఒక్క పదమువలె కంఠస్థము చేయుటయే మేలు. ధాతుపాఠమును వల్లించినవారికి ఈ పద్ధతి క్రొత్త గాదు.