కొలెస్ట్రాల్ మాత్రతో రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టదా?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. లెట్రోజోల్ వాడుతున్నాను. కొలెస్ట్రాల్ పెరిగిందని అటోర్వాస్టాటిన్ కూడా రాశారు. ఇది క్యాన్సర్‌ను మళ్లీ రానివ్వదని మా చెల్లెలు అంటోంది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: మీ చెల్లెలి మాటకు ఆధారం లేకపోలేదమ్మా, కానీ అది ఇంకా రుజువు కాలేదు. కొలెస్ట్రాల్ నుంచి మన ఒంట్లో తయారయ్యే ఒక పదార్థం ఈస్ట్రోజెన్ హార్మోన్‌లా పనిచేసి కణితిని పెంచుతుందని 2013లో ఎలుకల మీద తేలింది. 2017లో దాదాపు 8 వేలమంది మహిళల వివరాలు పరిశీలిస్తే, హార్మోన్ చికిత్సలో ఉండగా కొలెస్ట్రాల్ మందు మొదలుపెట్టినవారిలో జబ్బు తిరగబెట్టడం తక్కువగా కనిపించింది. అయితే ఆ అధ్యయనం లెట్రోజోల్, టామాక్సిఫెన్ అనే రెండు హార్మోన్ చికిత్స మందులను పోల్చడానికి చేసింది, కొలెస్ట్రాల్ మందును పరీక్షించడానికి కాదు. అసలు సంగతి తేల్చడానికి డెన్మార్క్‌లో అటోర్వాస్టాటిన్‌ను మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూస్తున్నారు.

మీకు ఈ మాత్ర రాసింది గుండె కోసం. ఆ ఒక్క కారణం చాలు, మానకండి. దీన్ని నమ్ముకుని లెట్రోజోల్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపొద్దు.

ఇక ఈ రెండు మందుల ఇబ్బందుల విషయానికొస్తే, పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతే అది ఎక్కువగా లెట్రోజోల్ వల్లే. తొడల్లో నొప్పి, మెట్లెక్కలేనంత నీరసం ఉంటే కొలెస్ట్రాల్ మాత్రను అనుమానించాలి, డాక్టరుకు చెప్పండి. వాటితో పాటు మూత్రం ముదురు రంగులో వస్తే ఆలస్యం చేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.