కంప్యూటర్ నెమ్మదించిందా? కొత్తది కొనేముందు డిస్కుల లెక్క చూడండి

నేను కంప్యూటర్ చదువు చదివినవాణ్ణి కాను. బి.కాం. చేసి, ఉద్యోగమంతా బ్యాంకులో గుమాస్తాగానే గడిపాను. అయినా ఈ పాఠం రాయడానికి కారణం, కిందటి వేసవిలో బరంపురంలో మా ఇంటి కంప్యూటర్‌కు వచ్చిన జబ్బు. దాన్ని పట్టించింది నా కంప్యూటర్ జ్ఞానం కాదు, పద్దులు సరిచూసే పాత అలవాటే.

మా మనవడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఒక్కొక్కటి 4 టెరాబైట్ల హార్డ్ డిస్కులు నాలుగు తెచ్చి, లినక్స్‌లో రెయిడ్ 5 పద్ధతిలో జోడించాడు. ఇంటిల్లిపాది ఫొటోలు, వాడి ప్రాజెక్టు, పొలం కాగితాల స్కాన్లు, కాలం చేసిన మా ఇంటావిడ పాడిన మంగళహారతులు, అన్నీ అందులోనే. ఉన్నట్టుండి ఫొటోల ఫోల్డరు తెరుచుకోవడానికి నిమిషాలు పట్టసాగింది. "తాతయ్యా, మదర్‌బోర్డు పాతదైపోయింది, మార్చేద్దాం" అన్నాడు. "దుకాణానికి తర్వాత వెళ్దువుగాని, ముందు తేడా ఏ పద్దులో ఉందో చూద్దాం రా" అన్నాను.

ముందు రెయిడ్ అంటే ఏమిటో చెప్పాలి. 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక వ్యాసంలో ఈ పేరు పెట్టారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చవకైన చిన్న డిస్కులు కొన్ని కలిపి వాడుకోవచ్చునన్నది వారి ఆలోచన. రెయిడ్ 0లో సమాచారాన్ని ముక్కలు చేసి డిస్కులన్నిటికీ పంచుతారు. వేగం ఎక్కువ, రక్షణ సున్నా. రెయిడ్ 1లో రెండు డిస్కుల్లోనూ ఒకటే నకలు. రెయిడ్ 5 వీటికి మధ్యస్థం. ఒక వరుసలో మూడు డిస్కుల్లో 5, 3, 9 అని రాస్తే, నాలుగో దానిలో మొత్తం 17 రాసిపెట్టుకున్నట్టు. రెండో డిస్కు పోయిందనుకోండి, 17లోంచి 5, 9 తీసేస్తే 3 తిరిగి వస్తుంది. అసలు యంత్రం చేసేది కూడిక కాదు, ఎక్స్‌క్లూజివ్ ఆర్ అనే లెక్క. సూత్రం మాత్రం ఇదే. నాలుగు డిస్కులు కొన్నా మనకు దక్కేది మూడింటి చోటే.

ఇందులోనే వేగం సంగతీ ఉంది. చిన్న అంకె ఒకటి మార్చాలన్నా పాత అంకె చదవాలి, పాత మొత్తం చదవాలి, కొత్త అంకె రాయాలి, కొత్త మొత్తం రాయాలి. ఒక్క రాతకు నాలుగు పనులు. ఒక డిస్కు పోతే, దానిలోని ఒక్క అంకె కావాలన్నా మిగిలిన మూడూ చదివి లెక్కకట్టాలి.

అయితే నెమ్మదితనమంతా జబ్బు కాదు. కొంత డిస్కు స్వభావం. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున అర చుట్టు, 4.2. తల జరగడానికి సుమారు 8 లేదా 9. అంతా కలిపి 13 అనుకుంటే, సెకనుకు 75 నుంచి 80 చోట్లకు మించి వెళ్లలేదు. ఒక్కో చోట 4 కిలోబైట్ల చిన్న ఫైలు ఉంటే సెకనుకు 320 కిలోబైట్లు దాటదు. ఇదే డిస్కు పెద్ద సినిమా ఫైలును వరుసగా చదివితే సెకనుకు 150 మెగాబైట్లు ఇస్తుంది. కనుక "స్లోగా ఉంది" అని ఎవరైనా అంటే, పెద్ద ఫైలా, వేల చిన్న ఫైళ్లా అని మొదట అడగండి. ఇంకొక ప్రశ్న: నెట్‌వర్క్ తీగ మీదుగా చూస్తున్నారా? గిగాబిట్ తీగ సెకనుకు 125 మెగాబైట్లకు మించి మోయదు, పాత 100 మెగాబిట్ తీగయితే పన్నెండున్నరే. తప్పు తీగదైతే డిస్కులను తిట్టి లాభమేమిటి?

మా విషయంలో పెద్ద ఫైలూ ఆగి ఆగి వస్తోంది, అదీ ఆ కంప్యూటర్ ముందే కూర్చుంటే. అప్పుడు ఎండీస్టాట్ అనే ఫైలు తెరిపించాను. లినక్స్‌లో రెయిడ్ ఆరోగ్యం అందులో కనిపిస్తుంది. బాగున్న ఒక్కో డిస్కుకు ఒక యు అక్షరం, లేని దానికి ఒక గీత. నాలుగు యులు ఉండవలసిన చోట మూడే ఉన్నాయి! లాగ్ తిరగేస్తే మూడో డిస్కు జట్టులోంచి పడిపోయి నలభై రోజులు దాటింది. హెచ్చరిక మెయిల్ ఏర్పాటు చేయలేదు గనుక ఎవరికీ తెలియలేదు.

వాడు వెంటనే కొత్త డిస్కు పెట్టేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. మిగిలిన మూడింటి సంగతి చూడకుండా ఎలా? ఐయోస్టాట్ అనే పనిముట్టు ఒక్కో డిస్కు జవాబు చెప్పడానికి పట్టే కాలాన్ని విడివిడిగా చూపిస్తుంది. రెండింటికి 15 మిల్లీసెకన్ల లోపు, ఒక దానికి మాత్రం అప్పుడప్పుడు వేలల్లో. మా బ్రాంచిలో సాయంత్రం ఒక్క కౌంటరులో క్యాష్ టాలీ కాకపోతే అందరం కూర్చోవలసిందే. రెయిడ్‌లోనూ అంతే, అన్నిటికన్నా నెమ్మదైన డిస్కు వేగమే జట్టు వేగం. (విండోస్ వాడేవారు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ భాగంలో సగటు జవాబు కాలం చూడవచ్చు. అయితే రెయిడ్‌ను మదర్‌బోర్డే నడిపిస్తే డిస్కులు విడిగా కనబడకపోవచ్చు.)

తర్వాత స్మార్ట్ అనే నివేదిక. ప్రతి డిస్కూ తన జబ్బుల పద్దు తానే రాసుకుంటుంది. విండోస్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ దాన్ని చూపిస్తాయి. చాలా వరుసలుంటాయి గాని మూడు చాలు. 5వ వరుస, పాడై వేరే చోటికి మార్చిన సెక్టార్లు. 197, చదవలేక వాయిదా వేసినవి. 199, సమాచారం తీగలో చెడిన సార్లు. జవాబు ఆలస్యం చేస్తున్న డిస్కులో 197 వద్ద 16 ఉంది. పాడైన చోటు చదవడానికి అది మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది, మనం వేచి ఉంటున్నాం. పడిపోయిన డిస్కులో 5, 197 రెండూ సున్నా. 199 మాత్రం వందల్లో. అంటే డిస్కు మంచిదే, తీగ వదులు! వేసవి శుభ్రంలో క్యాబినెట్ జరిపింది నేనే అని అప్పుడు గుర్తొచ్చింది.

ఇక్కడ తొందరపడితే మునిగేవాళ్లం. జట్టును తిరిగి కట్టాలంటే మిగిలిన మూడు డిస్కులూ మొదటినుంచి చివరిదాకా చదవాలి. 4 టెరాబైట్లను సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున చదివినా ఏడు గంటల పైన. ఆ మధ్యలో జబ్బు డిస్కు చేతులెత్తేస్తే అంతా పోయినట్టే. అందుకని ముందు బయటి డిస్కు ఒకటి తెచ్చి ఉన్నదంతా కాపీ చేశాం. హారతులు మొదట, ప్రాజెక్టు తర్వాత. రెండు రాత్రులు పట్టింది. రెండు ఫైళ్లు రాలేదు. ఆ తర్వాతే తీగ మార్చి, జబ్బు డిస్కు తీసేసి కొత్తది పెట్టి, జట్టును మొదటినుంచి కట్టి, కాపీలోంచి తిరిగి నింపాం. మదర్‌బోర్డు పాతదే. ఫోల్డరు ఇప్పుడు వెంటనే తెరుచుకుంటోంది.

కొత్త డిస్కు కొనేవారికి ఒక మాట. ఎస్‌ఎంఆర్ పద్ధతి డిస్కుల్లో రాత గీతలు ఇంటి పెంకుల్లా ఒకదానిమీదొకటి కొంత ఎక్కి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవీ మళ్లీ రాయాలి. రెయిడ్ తిరిగి కట్టేటప్పుడు ఇవి చాలా నెమ్మదిస్తాయి. ఆ సంగతి చెప్పకుండానే కొన్ని రకాలు అమ్మారని 2020లో పెద్ద గొడవైంది. సీఎంఆర్ అని అడిగి, తయారీదారు పట్టికలో చూసి మరీ తీసుకోండి.

మరొకటి. లినక్స్‌లో కొన్ని రకాలు నెలలో మొదటి ఆదివారం తమంతట తామే రెయిడ్‌ను సరిచూసుకుంటాయి. ఆ రోజు నెమ్మదిస్తే కంగారు పడకండి, ఎండీస్టాట్‌లో ఎంత శాతం అయిందో కనబడుతుంది.

హెచ్చరిక మెయిల్ ఇప్పుడు నాకూ వస్తుంది. బయటి డిస్కు మా అమ్మాయి ఇంట్లో ఉంటుంది, నెలకోసారి తెచ్చి కొత్తవి చేరుస్తాం. రాని రెండు ఫైళ్లలో ఒకటి వాడి పాత సినిమా. రెండోది మా కోడలి సీమంతం వీడియో. వియ్యాలవారి దగ్గర ఆ క్యాసెట్టు ఉందేమో అడగాలి.