జి.పి.ఎస్.లో అదనపు గుర్తులు – జియోకాషింగ్ ఆట నేర్పే పాఠం



మనమంతా హైస్కూల్లో అక్షాంశాలు, రేఖాంశాలు చదువుకున్నవాళ్ళమే. గ్లోబు మీద గీతలు చూశాం, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు జవాబు రాశాం, మరచిపోయాం. ఆ గీతలను పట్టుకునే ప్రపంచమంతటా ఒక ఆట ఆడుతున్నారన్న సంగతి పి.జి.లో భూగోళశాస్త్రం తీసుకునేదాకా మాకూ తెలియదు. ఆ ఆట పేరు జియోకాషింగ్. అందులో ఒక చిన్న విషయం, అంటే జి.పి.ఎస్. పరికరంలో అదనపు వేపాయింట్ల ఫైలును వాడుకోవడం గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం. చూడటానికి చిన్నదే గానీ, అది తెలియక మేము ఒక రోజంతా ఎండలో నడిచాం.

ఆట ఎలా పుట్టింది?

జి.పి.ఎస్. ఉపగ్రహాలు అమెరికావి. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే మన చేతిలోని పరికరం మనం ఎక్కడున్నామో లెక్క కడుతుంది. మొదట్లో సామాన్య ప్రజలకు అందే సంకేతంలో సైనిక కారణాలతో కావాలనే కొంత తప్పు కలిపేవారు. దానివల్ల వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 1న అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ తప్పును తొలగిస్తున్నట్లు ప్రకటించారు. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలోని ఒక అడవి ప్రాంతంలో ఒక బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించారు. మైక్ టీగ్ అనే ఆయన అందరికంటే ముందుగా దాన్ని కనుక్కున్నారు. ఆట అలా మొదలైంది. ఇప్పుడు ప్రపంచంలో 30 లక్షలకు పైగా డబ్బాలు దాచి ఉన్నాయి. మన దేశంలోనూ కొన్ని ఉన్నాయి.

దాచిన డబ్బాను కాష్ అంటారు. లోపల ఒక చిన్న పుస్తకం ఉంటుంది. కనుక్కున్నవారు అందులో పేరు, తేదీ రాసి, డబ్బాను ఎక్కడ ఉన్నది అక్కడే పెట్టి రావాలి. లోపలి వస్తువు ఏదైనా తీసుకుంటే అంతే విలువైనది ఇంకొకటి పెట్టాలి.

అదనపు వేపాయింట్లు అంటే ఏమిటి?

భూమి మీద ఒక చోటును అక్షాంశ రేఖాంశాలతో గుర్తుపెట్టి ఒక పేరు ఇస్తే అది వేపాయింటు. డబ్బా ఉన్న చోటు ఒక వేపాయింటు. కానీ ఆ ఒక్కటే ఉంటే చాలదు. పరికరంలోని బాణం గుర్తు మనకు చూపేది తిన్నని గీత మాత్రమే. మధ్యలో కొండ ఉందో, వాగు ఉందో, ఎవరిదో కంచె వేసిన పొలం ఉందో దానికి తెలియదు. అందుకే డబ్బా దాచినవారు దారికి అవసరమైన మరికొన్ని చోట్లను కూడా రాసి పెడతారు. ఇవే అదనపు వేపాయింట్లు. వీటిలో ముఖ్యమైనవి:

1. బండి ఆపుకొనే చోటు.
2. కాలిబాట మొదలయ్యే చోటు.
3. ఆనవాలు: వంతెన, గేటు, మంచినీళ్ళ కుళాయి వంటివి.
4. మజిలీలు: కొన్ని ఆటల్లో ఒక చోటికి వెళ్తే అక్కడి ఆధారంతో రెండో చోటు తెలుస్తుంది. ఒకచోట చిన్న డబ్బా ఉండవచ్చు, మరోచోట శిలాఫలకం మీది సంవత్సరం చదివి లెక్క వేయవలసి రావచ్చు.
5. చివరి చోటు.

రెండు ఫైళ్ళ సంగతి

ఈ గుర్తులన్నీ జి.పి.ఎక్స్. అనే రకం ఫైలులో ఉంటాయి. కంపెనీ ఏదైనా చాలా పరికరాలు చదవగలిగే రకం ఇది. జియోకాషింగ్ సంస్థ నుంచి ఒక ప్రాంతంలోని డబ్బాల జాబితాను ఒకేసారి తీసుకునే పద్ధతిని పాకెట్ క్వెరీ అంటారు. అది జిప్ ఫైలుగా వస్తుంది. విప్పితే రెండు ఫైళ్ళు కనిపిస్తాయి. మొదటి దానిలో డబ్బాలు ఉంటాయి. రెండో దాని పేరు చివర 'డబ్ల్యు.పి.టి.ఎస్.' అని ఉంటుంది. అదనపు వేపాయింట్లన్నీ అందులోనే ఉంటాయి. కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఏమిటంటే, మొదటి ఫైలును మాత్రమే ఎక్కించుకొని బయలుదేరడం.

గార్మిన్ పరికరం అయితే ఈ వరుసలో చేయాలి.

ముందుగా కేబుల్‌తో కంప్యూటర్‌కు కలపాలి. పరికరంలోని గార్మిన్ ఫోల్డర్‌లో జి.పి.ఎక్స్. అనే ఫోల్డర్ ఉంటుంది. రెండు ఫైళ్ళనూ అందులోకి కాపీ చేయాలి. తర్వాత పరికరాన్ని సరైన పద్ధతిలో విడదీసి ఆన్ చేయాలి. డబ్బాలు జియోకాష్‌ల జాబితాలో కనిపిస్తాయి. అదనపు గుర్తులు మాత్రం మామూలు వేపాయింట్ల జాబితాలోకి వెళ్తాయి. ఇది తెలియక చాలామంది డబ్బాల జాబితాలోనే వెతికి, ఫైలు ఎక్కలేదనుకుంటారు.

ఏ గుర్తు ఏ డబ్బాదో పేరును బట్టి తెలుసుకోవచ్చు. డబ్బా సంకేతం జి.సి.12345 అనుకుందాం. దాని బండి ఆపే చోటుకు పి.కె.12345 అని పేరు ఉండవచ్చు. మొదటి రెండు అక్షరాలు మారతాయి, మిగతావి అవే ఉంటాయి. ముందు బండి ఆపే చోటును గమ్యంగా పెట్టుకోవాలి. అక్కడికి చేరాక కాలిబాటను, చివరకు డబ్బాను పెట్టుకోవాలి. డబ్బాకు పది మీటర్ల దూరంలోకి వచ్చాక పరికరాన్ని జేబులో పెట్టుకొని కళ్ళతో వెతకాలి. చెట్ల కింద పరికరం కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపుతుంది.

అంకెలు చేత్తో ఎక్కించేవారికి ఒక హెచ్చరిక. హైదరాబాద్ అక్షాంశం 17.385 డిగ్రీలు. ఈ ఆటలో వాడే డిగ్రీలు, నిమిషాల పద్ధతిలో అది 17 డిగ్రీల 23.1 నిమిషాలు. దాన్ని 17 డిగ్రీల 38.5 నిమిషాలుగా కొడితే మనం ఉత్తరానికి సుమారు 28 కిలోమీటర్లు పక్కకు పోతాం. ఎందుకంటే అక్షాంశంలో ఒక నిమిషం దాదాపు 1.85 కిలోమీటర్లు.

మాకు జరిగిన అనుభవం

పి.జి.లో ఫీల్డ్ వర్క్ కోసం నలుగురం ఒక ఊరికి వెళ్ళాం. పాత బావులు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎన్నింటిలో నీళ్ళున్నాయో రాసుకొని రావాలి. మా కంటే ముందు బ్యాచ్‌వాళ్ళు తయారుచేసిన ఫైళ్ళు రెండు మాకు ఇచ్చారు. ఒకటి బావులది, ఇంకొకటి దారి గుర్తులది. బావులే కదా కావలసింది అని మేము మొదటిదే ఎక్కించాం.

బాణం 400 మీటర్లు అని చూపింది. ఉత్సాహంగా నడిచాం. తీరా చూస్తే ఎదురుగా నిండుగా పారే కాలువ. మాలో ఇద్దరికి ఈత రాదు. గట్టు వెంట ఎటు పోవాలో తెలియక ముందు పైకి నడిచాం, వంతెన కనబడలేదు. గొర్రెలు మేపుతున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, "ఈడ యాడ దాటుతారు నాయనా? వంతెన కిందపక్క రెండు మైళ్ళుంది. మీ మిషను చెప్పలేదా?" అన్నాడు. మిషను చెప్పేదే, మేమే చెప్పనివ్వలేదు. రాత్రి గదికి వచ్చి రెండో ఫైలు తెరిచి చూస్తే మొదటి గుర్తే 'వంతెన'. రెండోది 'చింతచెట్టు – నీడ, నీళ్ళు'. ముందు వెళ్ళినవాళ్ళు మాకోసం అన్నీ రాసే పెట్టారు.

ఇంకో మాట. జి.పి.ఎస్.కు సిమ్ గానీ, ఇంటర్నెట్ గానీ అవసరం లేదు. ఫైలును ముందే దించుకొని ఉంటే సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. జి.పి.ఎక్స్. ఫైళ్ళను తెరిచే ఉచిత అప్లికేషన్లు ఫోన్లలోనూ ఉన్నాయి. హాస్టల్లో సరదాగా ఆడాలనుకుంటే వార్డెన్ గారి అనుమతితో హాస్టల్ ఆవరణలోనే ఆడండి. బస్టాండులోనో, రైల్వే స్టేషన్‌లోనో డబ్బా దాచకండి, జనం భయపడతారు. భూమిలో పాతిపెట్టకూడదు, తినే పదార్థాలు పెట్టకూడదు.

మన హాస్టల్‌కు ఒక విన్నపం

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. ఇంటర్ అయ్యేనాటికి మాకు గమ్యం ఒక్కటే తెలుసు. బాగా చదవాలి, అంతే. దరఖాస్తుకు ఆఖరు తేదీ ఉంటుందని, ఆదాయ ధ్రువపత్రం కొత్తది కావాలని, టి.సి. జిరాక్సులు ముందే తీసి పెట్టుకోవాలని చెప్పేవాళ్ళు ఇంట్లో లేరు. మా నాన్న కూలికి పోకుండా మూడు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఈ హాస్టల్లో చదివిన ఒక అన్న సెలవులకు వచ్చి, ఒక కాగితం మీద వరుసగా అన్నీ రాసి ఇచ్చాడు. ఆ కాగితమే లేకపోతే మా చదువు ఇంటర్‌తోనే ఆగిపోయేది. అది ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో ఉంది.

కాబట్టి పూర్వ విద్యార్థులకు మా విన్నపం. హాస్టల్ లైబ్రరీలో ఒక లాంగ్ నోట్‌బుక్ పెడదాం. ఇక్కడినుంచి వెళ్ళిన ప్రతి ఒక్కరూ ఒక పేజీ రాయాలి. ఏ కోర్సుకు వెళ్ళారు, ఏ పరీక్ష రాశారు, ఏ నెలలో దరఖాస్తు చేశారు, ఏ కాగితాలు అడిగారు, ఎక్కడ దెబ్బతిన్నారు అన్నీ రాయాలి. ఉద్యోగం వచ్చిందని మాత్రమే రాస్తే తమ్ముళ్ళకు బాణం గుర్తు మాత్రమే ఇచ్చినట్లవుతుంది. వంతెన ఎక్కడుందో కూడా రాయండి.

మొదటి పేజీ మేము రాసి ఇస్తున్నాం. రెండో పేజీ మీది.