బొమ్మ బదులు చెప్పదు

అమ్మడూ,

ఓర్లాండో డిస్నీ వరల్డ్‌లో నిన్ను హాల్ ఆఫ్ ప్రెసిడెంట్స్‌లో డ్యూటీకి వేశారనీ, ఆట మధ్యలో ఎవరైనా లేచి అరిస్తే ఏం చెయ్యాలో చెప్పమనీ అడిగావు. మీ అమ్మేమో "దాన్ని భయపెట్టకు అన్నయ్యా" అని ముందే హెచ్చరించింది. భయపడాల్సిన పని కాదు గానీ తేలిగ్గా తీసుకునే పనీ కాదు. తెనాలిలో సినిమా హాలు మేనేజరుగా చేసినవాడికి అమెరికా అధ్యక్షుల హాలు గురించి ఏం తెలుసని నీ స్నేహితులు నవ్వితే నవ్వనీ. చీకట్లో ఏడువందలమందిని కూర్చోబెట్టాక, ఒకడి నోటివల్ల మిగతావాళ్ళ ఆట చెడకుండా చూసుకోవడం ఏ ఊళ్ళోనైనా ఒకటే ఉద్యోగం. ట్రైనింగులో మీవాళ్ళు చెప్పిన పద్ధతే ముందు. నా మాట దాని తర్వాత.

ముందు ఆ హాలు పుట్టుక తెలుసుకో. 1971 అక్టోబరు 1న మ్యాజిక్ కింగ్‌డమ్ గేట్లు తెరిచిన రోజునే లిబర్టీ స్క్వేర్‌లో అదీ మొదలైంది. ఆలోచన మాత్రం అంతకంటే పాతది. అధ్యక్షులందర్నీ కదిలే బొమ్మలుగా నిలబెట్టాలని వాల్ట్ డిస్నీకి ఎప్పట్నుంచో కోరిక. అప్పటి యంత్రాలకి అది చేతకాలేదు. అందుకని ముందు ఒక్క లింకన్‌ని చేయించాడు. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో, ఇల్లినాయ్ పెవిలియన్‌లో, ఆ లింకన్ కుర్చీలోంచి లేచి ప్రసంగిస్తే జనం నోళ్ళు తెరుచుకుని చూశారు.

అదే ప్రదర్శన ప్రారంభమైన రోజున, ఏప్రిల్ 22న, నిజం ప్రెసిడెంటు లిండన్ జాన్సన్ వచ్చి మాట్లాడుతుంటే పౌరహక్కుల ఉద్యమకారులు నినాదాలతో అడ్డుపడ్డారు. వాళ్ళు అడిగింది న్యాయమైనదే. ఆ జూలైలోనే పౌరహక్కుల చట్టం వచ్చింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, హాల్లో లేచి అరిచేవాడు ప్రతిసారీ తాగుబోతో పోకిరీయో అయి ఉండడు. ఒక్కోసారి అతని కడుపులో నిజమైన మంట ఉంటుంది. అది నిజమైనదా కాదా తేల్చడం నీ డ్యూటీలో లేదు, అంతే.

జాన్సన్ మనిషి గనక ఆగగలడు, చూడగలడు, కావాలంటే ఒక చతురోక్తి విసరగలడు. నీ స్టేజీ మీదున్న ఆయన అలా చెయ్యలేడు. రికార్డు చేసిన గొంతు రికార్డు చేసినట్టే సాగిపోతుంది, చెయ్యి ఎత్తాల్సిన చోట ఎత్తుతుంది. అరిచినవాడు ఒక క్షణం బదులు కోసం చూస్తాడు. బొమ్మ బదులు చెప్పదు. అప్పుడతను పక్కకి తిరుగుతాడు, అక్కడ యూనిఫామ్‌లో నువ్వుంటావు. నువ్వేం చేస్తే అదే అతనికి దొరికిన జవాబు. విసుగ్గా ముఖం పెట్టినా, కంగారుగా పరిగెత్తినా, ఆఖరికి నవ్వు ఆపుకున్నా అది జవాబే. ఈ ఉద్యోగంలో నాకు తెలిసిన కిటుకంతా ఇక్కడే ఉంది: అతను దేశాధ్యక్షుడికి వేసిన ప్రశ్నకి నువ్వు జవాబు కాకూడదు.

చాలా ఏళ్ళు ఈ బెడద అంతగా లేదు, ఎందుకంటే పదవిలో ఉన్న అధ్యక్షుడి బొమ్మ నోరు విప్పేది కాదు. లింకన్ ఒక్కడే మాట్లాడేవాడు, మిగతావాళ్ళు పేరు పిలిస్తే తల ఊపేవాళ్ళు. చనిపోయి నూరేళ్ళు దాటినవాడి మీద ఎవడు అరుస్తాడు? 1993లో మార్చారు. చరిత్రకారుడు ఎరిక్ ఫోనర్ సలహాతో బానిసత్వం సంగతి స్క్రిప్టులోకి వచ్చింది, వ్యాఖ్యానానికి మాయా ఏంజెలో గొంతు వచ్చింది, పదవిలో ఉన్న బిల్ క్లింటన్ స్వయంగా తన ప్రసంగం రికార్డు చేసిచ్చాడు. అప్పట్నుంచీ అదే ఆనవాయితీ. ఒబామా అయితే వైట్‌హౌస్‌లో ప్రమాణ స్వీకారం కూడా మళ్ళీ చదివి రికార్డు చేసిచ్చాడు. బొమ్మకి బతికున్న నాయకుడి గొంతు ఇచ్చాక జనానికీ గొంతు వచ్చింది. నా లెక్కలో అది కంపెనీ తెలిసి తెచ్చుకున్న చిక్కే. అలాగని తప్పుపట్టను, ఆ గొంతు లేకపోతే సగంమంది లోపలికి ఏసీ కోసమే వస్తారు. ఇప్పుడూ కొందరు అందుకే వస్తారనుకో.

2017 సంగతి నీ తోటివాళ్ళు కథలుగా చెబుతారు. ట్రంప్ బొమ్మ చేత మాట్లాడించొద్దని ముందే ఇంటర్నెట్లో సంతకాల సేకరణ జరిగింది. జనవరిలో మూసిన హాలు డిసెంబరులో తెరిచారు. తెరిచిన కొద్దిరోజులకే ఒక ప్రేక్షకుడు "లాకిమ్ అప్", అంటే అతన్ని జైల్లో వెయ్యండి, అని అరిచాడు, ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఆ నినాదం అంతకుముందు ఏడాది ఎన్నికల సభల్లో ట్రంప్ మద్దతుదారులు హిల్లరీ క్లింటన్ మీద వాడిందే, తిప్పి ఆయన మీదికే విసిరారు. మరుసటి ఏడాది అదే పార్కులో రైల్వే స్టేషను మీంచి ఒకాయన ట్రంప్‌ని మళ్ళీ గెలిపించమనే పెద్ద బ్యానరు దించాడు. ఆయన్ని ఇక రావద్దని పార్కు బహిష్కరించింది. ఈ రెండూ పక్కపక్కన గుర్తుపెట్టుకో. రేపు ఎవరైనా "మీరు వాళ్ళ పక్షం" అంటే, నువ్వు పైకి చెప్పకపోయినా నీకు లోపల ధైర్యంగా ఉంటుంది. బ్యానరు ఎవరిదైనా బ్యానరే.

ఇక పని. ఆట లోపల మొదలవ్వదు, బయట గుండ్రటి వరండాలో, ఆ చిత్రపటాల దగ్గర జనం ఎదురుచూస్తున్నప్పుడే మొదలవుతుంది. అక్కడ తిరుగు. పిల్లలతో మాట్లాడు, పెద్దవాళ్ళకి కూర్చునే చోటు చూపించు. గట్టిగా జోకులేసుకుంటున్న గుంపు ఏదో, ఫోను ముందే పైకెత్తి పట్టుకున్నవాడు ఎవడో నీకు తెలిసిపోతుంది. వాళ్ళని అనుమానంగా చూడొద్దు, పలకరించు. నవ్వుతూ పలకరించిన మనిషి ముందు రచ్చ చెయ్యడానికి చాలామందికి మొహమాటం. మా హాల్లో పెద్ద హీరో సినిమా మొదటి ఆటకి నేను గేటు దగ్గర నిలబడింది టిక్కెట్లు చింపడానికి కాదు.

పేర్ల వరస వచ్చేసరికి చప్పట్లు, ఈలలు, "బూ" అనడాలు ఉంటాయి. వాటిని వదిలెయ్. ఒక్క అరుపు కూడా వదిలెయ్. అమెరికావాళ్ళు తమ అధ్యక్షుణ్ణి చూసి ఒకసారి గొంతెత్తడం ఆ హాలుకి అవమానమేమీ కాదు, ఆ దేశం నడిచే తీరే అది. (పేర్లు లెక్కపెట్టి "ఇద్దరు తక్కువున్నారు" అనేవాడు ప్రతి ఆటకీ ఒకడుంటాడు. గ్రోవర్ క్లీవ్‌లాండ్ 22వ వాడూ 24వ వాడూ ఆయనే, బొమ్మ మాత్రం ఒకటేనని చెప్పు. ట్రంప్‌దీ అదే కథ, 45, 47.) అరుపుకి అరుపు తోడయితేనో, ఆగకుండా సాగితేనో అప్పుడు కదులు. పరిగెత్తొద్దు. నడవాలో వెళ్ళి అతని వరస చివర మోకాళ్ళ మీద వంగు, మొహం అతని మొహానికి సమానంగా ఉండాలి. టార్చి నేలకి వెయ్యి, కళ్ళల్లో వెయ్యకు. గొంతు తగ్గించు, నీ మాట వినాలంటే అతను అరవడం ఆపాలి.

ఏం అనాలి? "వెనక కూర్చున్నవాళ్ళకి వినపడటం లేదండీ. కూర్చుని చూడొచ్చు, లేదా బయటికొస్తే మా పై అధికారితో మాట్లాడొచ్చు." దాని ఇంగ్లీషు నీకు నేను చెప్పక్కర్లేదు. అందులో అధ్యక్షుడి పేరు లేదు చూశావా? "ప్రెసిడెంటుకి మర్యాద ఇవ్వండి" అని మాత్రం నోరు జారకు. ఆ మాటతో నువ్వు స్టేజీ ఎక్కేసినట్టే. అదే మాట రేపు ఇంకో పార్టీ అధ్యక్షుడు వచ్చినప్పుడు అంటావా అని అతను అడిగితే నీ దగ్గర సమాధానం ఉండదు.

అసలు ప్రమాదం మొదటి గొంతులో ఉండదు, రెండోదాంట్లో ఉంటుంది. మూడు వరసల వెనక నుంచి ఒక పెద్దాయన "నోర్ముయ్" అని లేస్తాడు, బహుశా సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, పక్కన మనవడు. హాల్లో సగంమంది ఆయనకి చప్పట్లు కొడతారు. నీకూ లోపల హాయిగా ఉంటుంది, మన పని ఆయన చేసిపెడుతున్నాడని. అక్కడే పట్టు తప్పుతుంది. ఇద్దరు ప్రేక్షకులు ఒకరి మీదికి ఒకరు లేచాక అది ఇక అల్లరి కాదు, కొట్లాట. నీతో ఇంకో మనిషి ఉంటే ఒకరు మొదటివాడి దగ్గరికి, ఒకరు పెద్దాయన దగ్గరికి ఒకేసారి వెళ్ళండి. పెద్దాయనతోనూ అదే స్వరం, అదే మాట. ఆయన న్యాయంగా ఉన్నాడని కన్నుగీటావో, ఆ కన్నుగీటుడు ఫోనులో పడుతుంది. మా ఊళ్ళో ఇద్దరు హీరోల అభిమానులు ఒకే ఆటకి వచ్చిన రోజుల్లో, ఒక వర్గంతో నేను టీ తాగితే చాలు, రెండో వర్గం కుర్చీలు విరిచేది.

"నాకు వాక్ స్వాతంత్ర్యం ఉంది" అంటాడు అరిచినవాడు. ఉంది. అయితే అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ చేతులు కట్టేది ప్రభుత్వానికి, సొంత ఆస్తి ఉన్నవాడికి కాదు. షాపింగ్ మాల్లో కరపత్రాలు పంచే హక్కు ఆ సవరణ ఇవ్వదని వాళ్ళ సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. 1980లో కాలిఫోర్నియా కేసులో, ఒక రాష్ట్రం తన సొంత రాజ్యాంగం కింద ఇంకాస్త ఎక్కువ హక్కు ఇచ్చుకోవచ్చనీ అంది. నువ్వున్నది ఫ్లోరిడా. ఇదంతా అతనికి పాఠం చెప్పమని కాదు, వాదనలోకి దిగొద్దని. నీకు తెలిసిన విషయమైతే వాదించాలనే దురద తగ్గుతుంది. ఇక వెళ్ళిపొమ్మని చెప్పడం, రావద్దని హెచ్చరించడం, షెరీఫ్ మనుషుల్ని పిలవడం నీ చేతిలో పని కాదు. నీ లీడ్‌కీ సెక్యూరిటీకీ కబురు చెయ్యి, దారి ఖాళీగా ఉంచు. ఎవరి భుజం మీదా చెయ్యి వెయ్యకు.

ఆట ఆపించాల్సిన సందర్భాలు తక్కువ. స్టేజీ మీదికి ఎక్కడం, ఏదైనా విసరడం, కొట్లాట, ఎవరైనా కుప్పకూలడం. బొమ్మలంటే బట్టలు కట్టిన యంత్రాలు, కదిలే చేతికి అడ్డంపడితే మనిషికే దెబ్బ. అక్కడ ఆలోచించకుండా ఆపించు. ఆపిన వెంటనే హాల్లో లైట్లు వెలగాలి, వెనకే మైకులో ఒక మామూలు గొంతు, "కాసేపు ఆపాం, మీ సీట్లలోనే ఉండండి" అని. ఈ క్రమం తారుమారైతే ఏమవుతుందో నాకు మన రీళ్ళ కాలంలోనే తెలిసింది. అక్కడ జనం భయం ఇంకా ఎక్కువ, ఎందుకంటే చీకట్లో ఒక పెద్ద చప్పుడు, హఠాత్తుగా నిశ్శబ్దం అంటే ఆ దేశంలో జనానికి మొదట తుపాకీ గుర్తొస్తుంది.

ఆపడం సులువని చెప్పి ప్రతిదానికీ ఆపకు. 1970 ఆగస్టు 6న కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లోకి యిప్పీలనే కుర్రాళ్ళు కొన్నివందలమంది వచ్చారు. వియత్నాం యుద్ధం నడుస్తున్న కాలం. టామ్ సాయర్ దీవి ఎక్కి జెండా ఎగరేశారు, మెయిన్ స్ట్రీట్‌లో తోపులాట అయింది, పోలీసులు దిగారు, పార్కు వేళకి ముందే మూసేశారు. ఆ రోజున్న పరిస్థితిలో మూయక తప్పలేదేమో. కానీ డబ్బిచ్చి పిల్లల్ని తీసుకొచ్చిన వేలమంది ఇంటికి పోయారు, కుర్రాళ్ళకి మాత్రం ఇప్పటికీ చెప్పుకునే కథ దొరికింది.

నీ విషయం ఒకటి విడిగా చెప్పాలి. నీ యాస విని, నీ రంగు చూసి ఎవడో ఒకడు "నీ దేశానికి పో, మా ప్రెసిడెంటు సంగతి నీకెందుకు" అంటాడు. మనసుకి తగులుతుంది. అప్పుడు నిలబడి ధైర్యం చూపించాల్సిన పనిలేదు, పక్కనున్న సహోద్యోగికి అప్పగించి వెనక్కి తప్పుకో. అది ఓటమి కాదు, గొడవకి ఒక సాకు తీసేయడం. ఇంకోటి, ఇంటికొచ్చాక ఆ సంగతి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకు. మన వాట్సాప్ గ్రూపులో కూడా వద్దు. మీ బాబాయి దాన్ని అరగంటలో న్యూజెర్సీ దాకా చేరుస్తాడు.

అయ్యాక రిపోర్టు రాస్తావు కదా. టైము, ఏ వరస, అతను అన్న మాట అన్నట్టే, నువ్వన్న మాట అన్నట్టే, ఎవరు వచ్చారు, ఎప్పుడు బయటికెళ్ళారు. "దురుసుగా", "పిచ్చిగా" లాంటివి రాయకు, అవి నీ అభిప్రాయాలు. ఆ కాగితం పైవాళ్ళు చదివేటప్పటికి నీ కోపం చల్లారి ఉంటుంది, రాసిన విశేషణం మాత్రం అలాగే ఉంటుంది. కొత్త బొమ్మ పెట్టి తెరిచిన మొదటి వారాల్లో ఇలాంటివి ఎక్కువ, తర్వాత తగ్గుతాయి, కాబట్టి నీ షిఫ్టు ఆ వారాల్లో పడితే అనుభవమున్నవాళ్ళ పక్కన వెయ్యమని ముందే అడుగు. అడగడానికి సిగ్గుపడకు.

మీ మామయ్య